డిఫరెన్షియల్ విప్పి చూపించండి

ముందే చెప్పేస్తా, తర్వాత తీరిగ్గా తిట్టుకోండి. ఈసారి మన ఫెస్ట్‌లో ఆర్సీ ఆఫ్‌రోడ్ రేస్ పెడితే, కొన్న బండ్లనీ కట్టిన బండ్లనీ ఒకే గీత మీద నిలబెట్టొద్దు. కట్టిన బండ్లకి విడిగా ఒక క్లాస్ పెట్టాలి. ఆ క్లాస్‌లో దిగే ప్రతి టీమ్ రేస్‌కి ముందు బండిని బల్ల మీద పెట్టి, జడ్జి చూస్తుండగా వెనక డిఫరెన్షియల్ విప్పాలి. లోపల ఏముందో, ఎందుకుందో చెప్పాలి. మళ్లీ బిగించాలి. నలభై ఐదు నిమిషాలు టైం. బిగించలేకపోతే ఆ టీమ్‌కి ఆ రోజు రేస్ లేదు, చాయ్ తాగుతూ చూడొచ్చు.

ఈ మాట క్లబ్ మీటింగ్‌లో అన్నప్పుడు రెండు రకాల జవాబులు వచ్చాయి. ఒకటి, "అంత సీన్ అవసరమా అన్నా". దానికి నా దగ్గర జవాబు లేదు. రెండోది సివిల్ బ్రాంచ్ అమ్మాయి ఒకరు అడిగింది: "మీ కిట్ కూడా డబ్బాలో కొన్నదే కదా? పుస్తకంలో బొమ్మ చూసి స్క్రూలు తిప్పడం కూడా ఇంజినీరింగేనా?" ఇది గట్టి ప్రశ్న. నాలుగు నెలలుగా నేనూ దీని చుట్టే తిరుగుతున్నా. అందుకే ఈ వ్యాసం.

ఆర్సీ అంటే తెలియనివాళ్లకి రెండు ముక్కలు. రిమోట్‌తో నడిచే బండ్లలో రెండు జాతులున్నాయి. డబ్బా తెరిచి బ్యాటరీ పెట్టి నడిపేసేవి ఒక జాతి, వీటిని రెడీ టు రన్ అంటారు. రెండోవి కిట్లు. కిట్ డబ్బా తెరిస్తే బండి కనపడదు. ప్లాస్టిక్ సంచులు కనపడతాయి, వాటి మీద నంబర్లుంటాయి. లోపల స్క్రూలు, బేరింగులు, ఇ-క్లిప్పులు, గేర్లు, సస్పెన్షన్ ఆర్మ్స్, ఒక పల్చటి పుస్తకం. మోటార్ ఉండదు, దాన్ని నడిపే స్పీడ్ కంట్రోలర్ ఉండదు, స్టీరింగ్ తిప్పే సర్వో ఉండదు, బ్యాటరీ, రిమోట్ ఏవీ ఉండవు. పైన వేసే బాడీ కూడా రంగు లేకుండా గాజులాగా ఉంటుంది. దానికి లోపలి వైపు నుంచి రంగు వేయాలి, ముదురు రంగు ముందు, లేత రంగు తర్వాత. గోడలకి సున్నం వేసే అలవాటున్నవాళ్లకి ఇది మొత్తం తలకిందులుగా అనిపిస్తుంది.

మేం కట్టింది పదో వంతు సైజు స్టేడియం ట్రక్, వెనక చక్రాలు మాత్రమే తిరిగేది. ఈ ఆట పెద్దగా పాతదేమీ కాదు. జపాన్ తమియా కంపెనీ 1979లో శాండ్ స్కార్చర్ లాంటి ఇసుక బగ్గీలు తెచ్చింది. అవి చూడ్డానికి ముచ్చటగా ఉండేవి, సరదాకి నడిపేవి. 1984లో కాలిఫోర్నియాలో అసోసియేటెడ్ వాళ్లు ఆర్సీ10 అనే కిట్ తెచ్చారు. అల్యూమినియం ఛాసిస్, నాలుగు మూలలా ఆయిల్ షాకులు, గెలవడం కోసమే గీసిన బండి. మరుసటి ఏడు, 1985లో, అక్కడే డెల్ మార్‌లో ఈ పదో వంతు ఆఫ్‌రోడ్ బండ్లకి మొదటి ప్రపంచ పోటీ జరిగింది. అప్పట్లో బండి కావాలంటే కట్టుకోవాల్సిందే. తర్వాత్తర్వాత రెడీ టు రన్ బండ్లు వచ్చి మార్కెట్ అంతా ఆక్రమించాయి. 2008లో ట్రాక్సస్ తెచ్చిన స్లాష్ లాంటి వాటితో ఈ ఆటలోకి ఎంతోమంది కొత్తవాళ్లు వచ్చారు, అది మంచిదే. కానీ పోటీల్లో పైన ఉండేవాళ్లు ఇప్పటికీ కిట్లే కడతారు. ఎందుకో కడితే తెలుస్తుంది.

ఇక మన దగ్గర సంగతి. నేను మూడు ఫెస్టుల్లో ఆర్సీ రేసులు చూశా. కాలేజీల పేర్లు వద్దు, అన్నిట్లో కథ ఒకటే. పోస్టర్ మీద "మీ ఇంజినీరింగ్ సత్తా చూపండి" అని ఉంటుంది. గ్రౌండ్‌లో మాత్రం నైట్రో బండి మోత, నీలం పొగ. ఒక దగ్గర గెలిచిన బండిని నేను గుర్తుపట్టా. నెల కిందట ఇంకో ఫెస్ట్‌లో వేరే టీమ్ చేతిలో చూసిన అదే బండి, అదే పగిలిన బంపర్. రోజుకింతని అద్దెకి తిరుగుతోంది. నడిపిన కుర్రాడు బాగా నడిపాడు, అందులో అబద్ధం లేదు. క్రికెట్ బ్యాట్ ఎవరూ చెక్కుకోరు కదా అని అతను అడిగితే నేనేమీ అనలేను. కానీ పోస్టర్ మీద రాసింది క్రికెట్ అని కాదు.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులు ఎక్కడ దొరుకుతాయో మనందరికీ తెలుసు. అమీర్‌పేటలో, దిల్‌సుఖ్‌నగర్‌లో బోర్డులు పెట్టి మరీ అమ్ముతారు. డబ్బులిస్తే బ్లాక్ డయాగ్రం, రిపోర్టు, వైవాలో అడిగే ప్రశ్నలు, వాటి జవాబులు కూడా ఇస్తారు. నాకు తెలిసిన ఒక సీనియర్ అన్న అలా కొన్న ప్రాజెక్టుతో మంచి మార్కులే తెచ్చుకున్నాడు. ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నాడు, సంతోషంగానే ఉన్నాడు. నేను ఆయన్ని తప్పుపట్టడం లేదు. నాలుగేళ్లు మెకానికల్ చదివి, ఒక బేరింగ్‌ని కూడా చేత్తో షాఫ్ట్ మీదకి నొక్కకుండా బయటికి పోయే వీలు మనకి ఉంది. అదే నాకు భయం వేస్తుంది. మెకానికల్ సీట్లు ఏటా ఎందుకు మిగిలిపోతున్నాయో అందరూ ప్యాకేజీల లెక్కల్లో చెబుతారు. అది నిజమే. కానీ ఉన్న కొద్దిమందికైనా చేతికి గ్రీజు అంటుతోందా అని ఎవరూ అడగరు.

సరే, కిట్. మా ఆరుగురం తలా ఏడు వేలు వేసుకున్నాం. మొత్తం 42,000. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఆయన అమెరికా నుంచి వస్తూ సూట్‌కేసులో తెచ్చుకుని, పెళ్లయ్యాక టైం దొరక్క, రెండేళ్లు సీల్ కూడా తీయకుండా అటక మీద పెట్టిన కిట్ అది. 18,000కి ఇచ్చాడు. మోటార్, స్పీడ్ కంట్రోలర్ కలిపి 9,000. సర్వో 2,500. రిమోట్ 5,000. రెండు బ్యాటరీలు, ఛార్జర్ 5,500. మిగతా రెండు వేలు ఆయిల్, రంగు, జిగురు, పానాలు. మా అమ్మకి ఏడు వేల సంగతి చెబితే, "ఏడు వేలు వెట్టి బొమ్మ కొన్నవా? ఇంకా చిన్న పోరనివా?" అంది.

అమ్మని అనాల్సిన పని లేదు, ప్రభుత్వం కూడా అదే అంటోంది. కస్టమ్స్ పట్టికలో ఇలాంటి స్కేల్ మోడళ్లన్నీ 9503 శీర్షిక కిందకి, అంటే బొమ్మల కిందకే వస్తాయి. 2020 బడ్జెట్‌లో బొమ్మల మీద దిగుమతి సుంకం 20 శాతం నుంచి 60 శాతానికి పోయింది. 2023లో 70 అయింది. అంటే పాతిక వేల కిట్ తెప్పిస్తే సుంకమే పదిహేడున్నర వేలు, పైన జీఎస్టీ. నాసిరకం ప్లాస్టిక్ బొమ్మలు కుప్పలుగా వచ్చి పడకుండా ఆపడానికి ఇది చేశారు. మన పక్కనే నిర్మల్‌లో పొనికి చెక్కతో బొమ్మలు చేసేవాళ్లున్నారు కాబట్టి ఆ ఉద్దేశాన్ని నేను తప్పనలేను. కాకపోతే పిల్లల గిలక్కాయకీ, ఆయిల్ చిక్కదనం సెంటీస్టోకుల్లో కొలిచే రేస్ కిట్‌కీ ఒకే గంప వేశారు. అందుకే కొత్త కిట్ జోలికి పోలేదు. అటకల మీద కట్టకుండా పడున్న కిట్లు ఇంకా ఎన్ని ఉన్నాయో! అమెరికాలో అన్నలు, బావలు ఉన్నవాళ్లు ఒకసారి అడిగి చూడండి.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకి వస్తా. పుస్తకంలో బొమ్మ చూసి స్క్రూలు తిప్పడం ఇంజినీరింగా?

డిఫరెన్షియల్ తీసుకోండి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి, అందుకే డిఫరెన్షియల్ అని మనం థర్డ్ ఇయర్‌లో రాశాం, ఐదు మార్కులు వేయించుకున్నాం. మన ఊళ్లలో ట్రాక్టర్ నడిపే ఎవరినైనా అడగండి, ఐదు మార్కులకి మించి చెబుతారు. దమ్ము చేసిన పొలంలో ఒక చక్రం దిగబడి ఊరికే గిర్రున తిరుగుతుంటే కాలితో డిఫరెన్షియల్ లాక్ తొక్కుతారు, రెండు చక్రాలూ ఒకటై బండి బయటికి వస్తుంది. లాక్ వేసే మలుపు తిప్పితే ఏమవుతుందో కూడా వాళ్లకి తెలుసు, తిట్టి మరీ చెబుతారు.

మా ట్రక్‌లో లాక్ లేదు. గోలీ అంత గూట్లో రెండు పెద్ద బెవెల్ గేర్లు, వాటి మధ్య నాలుగు చిన్నవి, అంతా సిలికాన్ ఆయిల్‌లో మునిగి ఉంటాయి. ఆయిల్ పల్చగా ఉంటే మలుపు బాగా తిరుగుతుంది, కానీ లోపలి చక్రం తేలిపోగానే శక్తంతా దానికే పోయి దుబ్బ లేస్తుంది. చిక్కగా ఉంటే రెండు చక్రాలూ కలిసి తోస్తాయి, సూటిగా బాగా పోతుంది, మలుపులో మాత్రం ముక్కు తిరగనంటుంది. పూర్తి ఫ్రీకీ పూర్తి లాక్‌కీ మధ్యలో ఎక్కడుండాలో సీసా మీది నంబర్‌తో నిర్ణయించుకోవాలి. పుస్తకం ఒక నంబర్ ఇస్తుంది. అది వాళ్ల ట్రాక్‌కి. తడిపి, రోలర్ తొక్కించి, గచ్చులా చేసిన బంకమట్టి ట్రాక్‌కి.

మన దగ్గర ఏముంది? కొడిమ్యాల పోయే దారిలో మాకొకరు ఇచ్చిన అరెకరం చెలక. మక్క తీసేశాక ఖాళీగా ఉంటే రెండు నెలలు వాడుకొమ్మన్నారు. ఎర్రమట్టి, దాని మీద మొరం, మధ్యమధ్యలో నేల నుంచి తలెత్తిన బండలు. పొద్దున మంచుకి మట్టి కొంచెం పట్టు ఇస్తుంది. పదకొండు దాటితే పైపొర పొడి అయిపోయి, మొరం రాళ్లు గోలీల్లా టైర్ల కింద దొర్లుతాయి. ఒకే బండి, ఒకే డ్రైవర్, పొద్దున ఒకలా మధ్యాహ్నం ఒకలా నడుస్తుంది. పుస్తకంలో ఉన్న నంబర్‌తో మా ట్రక్ మొదటి మలుపు దగ్గరే వెనక్కి తిరిగి మమ్మల్నే చూసింది. ఆయిల్ మూడు సార్లు మార్చాం, మూడు సార్లూ డిఫరెన్షియల్ మొత్తం విప్పి. మూడో సారికి మా టీమ్‌లో అందరికన్నా మొద్దబ్బాయి (వాడు ఇది చదువుతాడు, చదవనీ) పన్నెండు నిమిషాల్లో విప్పి, కడిగి, నింపి, బిగించాడు. నేను నలభై ఐదు నిమిషాలు అడుగుతున్నానంటే ఎంత దయగా అడుగుతున్నానో చూడండి.

షాక్ అబ్జార్బర్ల దగ్గర ఇంకా బాగుంటుంది. చిన్న సిరంజి అంత గొట్టం, లోపల చిల్లులున్న ప్లాస్టిక్ పిస్టన్. ఆయిల్ పోసి, పిస్టన్ని నెమ్మదిగా పైకీ కిందికీ ఆడించి, గాలి బుడగలన్నీ పైకి వచ్చేదాకా ఆగాలి. ఆగడం అంటే నిజంగా ఆగాలి, పది నిమిషాలు ముట్టుకోకుండా. హాస్టల్ రూమ్‌లో నలుగురు కూర్చుని ఫోన్ చూడకుండా గాలి బుడగల కోసం ఎదురుచూడ్డం నా ఇంజినీరింగ్ జీవితంలో అదే మొదటిసారి. మూత పెట్టాక కుడిదీ ఎడమదీ పక్కపక్కన పట్టుకుని ఒకేసారి నొక్కి వదలాలి. రెండూ ఒకే వేగంతో పైకి రావాలి. ఒకటి వెనకబడితే రెండూ విప్పి మళ్లీ మొదలు. ఈ పరీక్షకి మీటర్ లేదు. రెండు బొటనవేళ్లే.

సీసా మీద 350 అని రాసి ఉంటుంది, అది 25 డిగ్రీల వేడి దగ్గర కొలిచిన చిక్కదనం. మన జగిత్యాల మే నెలలో 45 డిగ్రీలు. సిలికాన్ ఆయిల్ మామూలు ఆయిల్ అంత పల్చబడదు గానీ పల్చబడుతుంది. అంటే పొద్దున సరిగ్గా దూకి దిగిన బండి మధ్యాహ్నం అదే గుట్ట దూకి పొట్ట నేలకి కొట్టుకుంటుంది. ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో ఉష్ణోగ్రతకీ చిక్కదనానికీ గ్రాఫ్ గీశాం గుర్తుందా? ఆ గీత కిందకి వంగడం నేను కళ్లారా చూశా. ఇంకో తిరకాసు కూడా ఉంది. కొన్ని కంపెనీలు ఆయిల్‌ని "వెయిట్" లెక్కన అమ్ముతాయి, ఒక కంపెనీ 30 వెయిట్, ఇంకో కంపెనీ 30 వెయిట్ ఒకటి కావు. కొనేటప్పుడు సెంటీస్టోకుల నంబర్ చూసి కొనండి.

చిన్న విషయాలు ఇంకా చాలా ఉన్నాయి, అన్నీ చెప్పను. ఒకటి మాత్రం చెప్పాలి. టర్న్‌బకిల్ అని ఒక కడ్డీ ఉంటుంది, ఒక కొసన మామూలు మర, ఇంకో కొసన ఎడమ మర. తిప్పితే రెండు వైపులా ఒకేసారి పొడవు పెరుగుతుంది, లేదా తగ్గుతుంది. ఎడమ మర ఉన్న కొసకి చిన్న గాటు గుర్తు ఉంటుంది. బండిలో ఉన్న అన్ని టర్న్‌బకిళ్లనీ ఆ గాటు ఒకే వైపు ఉండేలా పెట్టమంటుంది పుస్తకం. ఎందుకో చెప్పదు. రేస్ మధ్యలో రెండు నిమిషాలు దొరికి, చక్రం వాలు మార్చాల్సి వచ్చినప్పుడు, పానా ఎటు తిప్పాలో ఆలోచించే పని ఉండదని మాకు చెలకలో అర్థమైంది. ఎవరో ఎక్కడో ఎన్నో రేసులు ఓడిపోయి ఆ ఒక్క వాక్యం రాశారు.

మా టీమ్‌లో సిరిసిల్ల అమ్మాయి ఉంది. వాళ్ల బాపు ముప్పై ఏళ్లుగా సాంచాలు రిపేర్ చేస్తాడు. దసరా సెలవులకి ఆమె బండిని ఇంటికి తీసుకుపోయింది, మోటార్ పినియన్‌కీ పెద్ద గేర్‌కీ మధ్య సందు సరిచేయడానికి. మామూలుగా రెండు గేర్ల మధ్య సన్నటి కాగితం ముక్క పెట్టి మోటార్‌ని దగ్గరికి నెట్టి బిగిస్తారు, తర్వాత కాగితం లాగేస్తారు. ఆమె అదే చేసి, చక్రాలు గాల్లో పెట్టి తిప్పింది. వాళ్ల బాపు అవతల గదిలో అన్నం తింటున్నాడట. అక్కడి నుంచే, "బిడ్డా, గా పండ్లు బిగ్గ పట్టుకున్నయ్. జర లూజు వెట్టు, లేకుంటె అరిగిపోతయ్" అన్నాడట. ఈమె కాగితం పెట్టి చేశానని చెప్పింది. "ఏ కాగితం?" అన్నాడు. ఈమె పెట్టింది పేపర్ ముక్క, న్యూస్‌పేపర్. ఆయన లేచి వచ్చి, చేయి కడుక్కుని, నోట్‌బుక్ అట్టకీ పేపర్‌కీ మధ్య మందంగా ఉన్న కాగితం వెతికి, దాంతో మళ్లీ పెట్టించాడు. గేరు మోత మారింది. ఆమె వాట్సాప్‌లో రెండు వాయిస్ మెసేజ్‌లు పంపింది, ముందుది, తర్వాతది. మా ఆరుగురిలో నలుగురికి తేడా వినపడలేదు. ఇప్పుడు ఆరుగురికీ వినపడుతుంది.

సిరిసిల్ల సాంచె కూడా ఆయన డిజైన్ చేసింది కాదు కదా. కానీ ఆయన్ని ఇంజినీర్ కాదనమనండి, నేను మాట్లాడను.

కాబట్టి ఆ సివిల్ అమ్మాయితో ఒక విషయంలో ఒప్పుకుంటా. కిట్ డిజైన్ నేర్పదు. ఆర్మ్ పొడవు ఎంత, షాక్ ఏ కోణంలో, ఛాసిస్ ఎక్కడ వంగాలి, ఎక్కడ వంగకూడదు, అవన్నీ వేరొకరు తేల్చేశారు. మన చేతికి వచ్చేది వాళ్లు తేల్చినదాన్ని చదువుకునే అవకాశం. మన సాహితీ క్లబ్‌లో చేరినవాళ్లని మొదటి రోజే నవల రాయమని కూర్చోబెట్టం కదా, ముందు నలుగురు రాసింది చదవమంటాం. మెకానికల్‌లో మాత్రం మొదటి రోజే "ఇన్నోవేషన్" అంటాం. అందుకే చాలా ప్రాజెక్టులు ఇన్నోవేషన్ అన్న ముక్క దగ్గరే ఆగిపోతాయి.

"స్క్రాచ్ నుంచి కట్టినవాళ్లకే విలువ" అనేవాళ్లు ఎస్‌ఏఈ బాజాని చూపిస్తారు. నాకూ బాజా అంటే గౌరవమే. 1976లో అమెరికాలో సౌత్ కరోలినా యూనివర్సిటీలో మొదలైంది, 2007లో ఇండియాకి, పీతంపూర్‌కి వచ్చింది. మనిషి కూర్చుని నడిపే ఆఫ్‌రోడ్ బండిని విద్యార్థులే గీసి, వెల్డ్ చేసి తేవాలి. మన రెండు రాష్ట్రాల నుంచీ టీములు పోతుంటాయి. కానీ దానికి లక్షల్లో డబ్బు, పాతికమంది మనుషులు, వర్క్‌షాప్, ఏడాది టైం కావాలి. మన దగ్గర ప్రతి బ్యాచ్‌కీ అది కుదరదు. ఇంకో మాట. బాజాలో కూడా ట్రాక్ మీద పరిగెత్తడమే పరీక్ష కాదు. దానికి ముందు డిజైన్ జడ్జిల ముందు నిలబడి ఈ పైపు ఇంత మందం ఎందుకు, ఈ కోణం ఎందుకు అని అడిగినదానికల్లా జవాబు చెప్పాలి, దానికీ మార్కులుంటాయి. నేనడుగుతున్న డిఫరెన్షియల్ పరీక్ష ఆ పద్ధతికే కిలోన్నర బరువున్న తమ్ముడు.

మా రేస్ ఏమైందని అడుగుతారు. డిసెంబర్‌లో వేరే జిల్లాలో ఒక ఫెస్ట్‌కి పోయాం. పోయే ముందు కొండగట్టు ఎక్కాం. 2023లో పవన్ కల్యాణ్ వారాహికి పూజ చేయించింది ఇక్కడే కదా, మా ట్రక్ ఏం పాపం చేసింది? నిమ్మకాయ చక్రం కన్నా పెద్దగా ఉంది, తొక్కించడం కుదరక పక్కన పెట్టి కోశాం. రేస్‌లో పద్నాలుగు బండ్లు, మాది ఏడో స్థానం. సూటి దారిలో నైట్రో బండ్లు మమ్మల్ని దాటి పోయాయి, దాటి పోతాయని తెలుసు, మాది చిన్న ఎలక్ట్రిక్ మోటార్. రాళ్ల దగ్గర మలుపుల్లో మేం వాటిని పట్టుకున్నాం. రెండో హీట్‌లో ముందున్న బండి ఒకటి గుట్ట దూకి వెనక ఆర్మ్ విరగ్గొట్టుకుంది. టీమ్ నలుగురూ దాని చుట్టూ నిలబడి ఫోన్ చేస్తున్నారు, బండి ఇచ్చినాయనకి. ఆయన ఎత్తడం లేదు. మా సిరిసిల్ల అమ్మాయి పోయి, మా దగ్గరున్న స్పేర్ పార్టులు దానికి పట్టవు గానీ విరిగిన పిన్ వరకు తీసి ఇస్తానని కూర్చుంది. వాళ్లలో ఒకడు అడిగాడు, "అక్కా, ఇది అసలు విప్పడానికి వస్తదా?"

ఆ ప్రశ్న విన్నాకే ఈ క్లాస్ సంగతి నాకు తట్టింది. ఆ పిల్లవాడికి చేతకాక కాదు. ఎవరూ ఆ బండిని వాడి ముందు విప్పలేదు, అంతే.

ఇక నా ప్రతిపాదన వివరాలు. మోటార్ అందరికీ ఒకటే, 17.5 టర్న్ బ్రష్‌లెస్. బ్యాటరీ రెండు సెల్స్, 7.4 వోల్టులు. టైర్లు క్లబ్ కొని ఇస్తుంది, రేస్ అయ్యాక తిరిగి ఇవ్వాలి. ఈ మూడూ ఒకటే అయితే డబ్బున్న టీమ్ డబ్బుతో గెలవడం కష్టం. మిగతాదంతా, అంటే ఆయిల్, స్ప్రింగులు, కోణాలు, ఎత్తు, ఎవరిష్టం వాళ్లది. కిట్ పాతదైనా పర్వాలేదు, ఎవరో సగం కట్టి వదిలేసిందైనా పర్వాలేదు. కొత్త పార్టు లేత్ మీద చేయించుకుంటే ఇంకా మంచిది, గీసిన బొమ్మ చూపిస్తే చాలు. రెడీ టు రన్ బండి కొని, మొత్తం విప్పి మళ్లీ కట్టిన టీమ్‌ని కూడా రానివ్వాలని సివిల్ అమ్మాయి అంది. నేను ముందు ఒప్పుకోలేదు, తర్వాత ఆలోచిస్తే డిఫరెన్షియల్ పరీక్ష ఉన్నాక ఆ భయమే అక్కర్లేదు. ఒప్పుకున్నా.

హాస్టల్లో లిథియం బ్యాటరీల సంగతి మాత్రం గట్టిగా చెబుతున్నా. ఛార్జింగ్ పెట్టి క్లాస్‌కి పోవద్దు, నిద్రపోవద్దు. ఉబ్బిన బ్యాటరీని "ఒక్క రేస్‌కి" అని వాడొద్దు. ఛార్జింగ్‌కి అగ్నికి తట్టుకునే సంచి క్లబ్ రూమ్‌లో ఉంది, అక్కడే పెట్టుకోండి. దీనికి వార్డెన్ ఒప్పుకోకపోతే మొత్తం ఆటే ఆగిపోతుంది.

డబ్బు సంగతి ఇంకా తేలలేదు. ఆరుగురికి ఏడు వేలంటే అందరికీ అయ్యే పని కాదు, మా టీమ్‌లోనే ఇద్దరు రెండు వాయిదాల్లో ఇచ్చారు. క్లబ్ తరఫున ఒక కిట్ కొని, దాన్ని ప్రతి సెమిస్టర్ ఒక కొత్త టీమ్ మొత్తం విప్పి మళ్లీ కట్టేలా పెడితే ఖర్చు ఒకసారితో పోతుంది, పార్టులకి మాత్రం ఏటా కొంత కావాలి. మా ట్రక్‌ని దానికి ఇవ్వడానికి మా ఆరుగురిలో నలుగురం సిద్ధం. మిగతా ఇద్దరితో మాట్లాడుతున్నాం, ఒకడు అలిగాడు.

రూల్స్ చిత్తుప్రతి క్లబ్ రూమ్ తలుపుకి అంటించా. పక్కన పెన్ను దారంతో కట్టి ఉంది. నచ్చనిది కొట్టేసి మీది రాయండి. డిఫరెన్షియల్ ఎప్పుడూ చూడనివాళ్లు శనివారం నాలుగింటికి రండి, మాది బల్ల మీద విప్పే ఉంటుంది. ఆయిల్ అంటుతుంది, తెల్ల చొక్కా వేసుకుని రావద్దు.